మోనోక్రోమ్ రేంజ్‌ఫైండర్‌లో తెలుపు పోతోందా?

(నలుపు-తెలుపు మాత్రమే తీసే కెమెరా మోనోక్రోమ్. లెన్సులోంచి కాక, ఫైండర్ అనే వేరే కిటికీలోంచి చూసి తీసేది రేంజ్‌ఫైండర్.)

సమస్య: నురుగు, మబ్బు, పంచె మూడూ కలిసి ఒకే తెల్ల మచ్చ

ఒడిశాలోని గోపాల్‌పూర్ ఒడ్డున మిట్టమధ్యాహ్నం నోలియా జాలరులు అలివి వల లాగుతుంటే తీసిన ఫోటోల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఎడిటింగ్‌లో హైలైట్ ఎంత తగ్గించినా అక్కడ బూడిదరంగే వస్తుంది గాని మడత కనబడదు.

కారణం సెన్సర్‌లోనే ఉంది. కలర్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటి ఉంటుంది. ఆకుపచ్చ పిక్సెల్ వెలుతురుతో నిండిపోయినా ఎరుపులో కొంత మిగిలితే, దాన్ని పట్టుకుని సాఫ్ట్‌వేర్ వివరాన్ని తిరిగి అల్లుతుంది. లైకా ఎమ్ మోనోక్రోమ్‌లో ఆ ఫిల్టర్లే లేవు. నిండితే అన్నీ ఒకేసారి నిండుతాయి, వెనక్కి తెచ్చేందుకు ఏమీ మిగలదు. నీడలు మాత్రం అలా కాదు. బేస్ ఐఎస్‌ఓలో (సెన్సర్ సహజ సున్నితత్వంలో) తీసిన డీఎన్‌జీ (రా) ఫైల్లో రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు) పైకి లాగినా నిబ్బరంగా నిలుస్తాయి.

అందుకే ఎండలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా కొలతకు మనం చేసే సర్దుబాటు) మైనస్ 2/3 స్టాప్ దగ్గర మొదలుపెట్టండి. ఒకటి తీసి హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు, కుడి తెలుపుగా ఉండే వెలుతురు గ్రాఫ్) చూడండి. కుడి గోడకు ఆనుకుంటే మైనస్ 1కి దిగండి. తెర మీద ఫోటో చీకటిగా ఉందని కంగారుపడొద్దు, అది ఇంట్లో సరిచేసుకునే పని.

సమస్య: మొత్తం ఫ్రేమే వెలిసిపోయింది

ఇది ఎక్కువగా లెక్క తప్పడం వల్ల వస్తుంది. 2012 నాటి మొదటి ఎమ్ మోనోక్రోమ్ బేస్ ఐఎస్‌ఓ 320. నిండు ఎండలో ఎఫ్ 16కి (ఈ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం చిన్నది) 1/320 సెకను చాలు. అదే ఎఫ్ 2 పెడితే ఆరు స్టాప్‌లు తెరిచినట్టు, అంటే దాదాపు 1/20000 కావాలి. ఆ షట్టర్ 1/4000 దగ్గర ఆగిపోతుంది. ఫైండర్‌లో 4000 అంకె మిణుకుమిణుకుమంటోందంటే కెమెరా చెప్పేది అదే.

ఎఫ్ 5.6కి మూస్తే 1/2500తో సరిపోతుంది. వెనక భాగం మసకగా రావాలని పట్టుదల ఉంటే మూడు స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే బూడిదరంగు గాజు) బిగించండి, ఎఫ్ 2లోనే 1/2500 దొరుకుతుంది. 2020 నాటి ఎమ్10 మోనోక్రోమ్ బేస్ 160 కాబట్టి ఒక స్టాప్ వెసులుబాటు ఉంది, అంతే.

సమస్య: ముఖం నల్లగా, వెనక వీధి చక్కగా (లేదా తలకిందులుగా)

ఎమ్10 దాకా ఈ కెమెరాల మీటర్, షట్టర్ తెర మీద నుంచి తిరిగొచ్చే వెలుతురును కొలుస్తుంది, అదీ ఎక్కువగా మధ్య భాగాన్నే. పర్లాకిమిడి బజారులో కొట్టు గుమ్మంలో కూర్చున్న మనిషిని తీసేటప్పుడు, ఫ్రేము మధ్యలోకి లోపలి చీకటి వస్తే మీటర్ దాన్ని బూడిదరంగు చేయబోతుంది, ముఖం వెలిసిపోతుంది. మధ్యలో ఆకాశం పడితే ముఖం మసి.

అదే వెలుతురులో మీ అరచేయి పెట్టి కొలవండి. అరచేయి మధ్యస్థ బూడిదరంగు కంటే సుమారు ఒక స్టాప్ తెలుపు, కాబట్టి వచ్చిన కొలతకు ఒక స్టాప్ పెంచాలి. తెల్ల పంచె ఎండలో ఉంటే అర స్టాప్‌తో ఆపండి. మాన్యువల్‌లో ఆ విలువ పెట్టేసుకుంటే వెలుతురు మారేదాకా ముట్టుకోనక్కర్లేదు. ‘A’ మోడ్ (షట్టర్ వేగాన్ని కెమెరాయే ఎంచుకునేది) అయితే కాంపెన్సేషన్ ఆ మేరకు పెట్టి, షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకుని ఫ్రేము సర్దుకోండి.

మహేంద్రగిరి మీద పొద్దున్నే మంచులో మాత్రం సలహా తిరగబడుతుంది. తెల్ల మంచును మీటర్ మబ్బురంగు చేస్తుంది. ప్లస్ 1 ఇవ్వండి.

సమస్య: ఎర్ర ఫిల్టర్ పెట్టినా ఆకాశం నల్లబడలేదు

ఎర్ర ఫిల్టర్ నీలాన్ని ఆపుతుంది. వేసవి ఉక్కలో గంజాం తీరం ఆకాశం నీలంగా ఉండదు, తెల్లటి తేమ పొర. ఏ ఫిల్టరూ దాన్ని నల్లబరచలేదు. వానలు వెలిశాక, అక్టోబరు ఆకాశంలో అదే ఫిల్టర్ అదరగొడుతుంది.

ఫిల్టర్ మింగే వెలుతురు పసుపుకు సుమారు ఒక స్టాప్, ఆరెంజ్‌కు రెండు, ఎరుపుకు మూడు. మీటర్ ఫిల్టర్ గుండానే చూస్తుంది కాబట్టి మళ్ళీ కలపక్కర్లేదు. కానీ ముదురు ఎరుపులో మీటర్, సెన్సర్ రంగును ఒకేలా చూడవు. హిస్టోగ్రామ్‌నే నమ్మండి. ఇంకో చిక్కు: ఎర్రమట్టి దారి, చామనఛాయ ముఖం రెండూ ఈ ఫిల్టర్ కింద తెల్లబారతాయి. మనుషులకు పసుపో, ఆరెంజో చాలు. ఫైండర్ లెన్సులోంచి చూడదు గనుక ఈ తేడా తీశాకే తెలుస్తుంది.

సమస్య: ఫ్రేము పూర్తిగా నలుపు

లెన్సు మూత తీయలేదు. ఫైండర్‌లో అంతా మామూలుగానే కనిపిస్తుంది మరి.

సమస్య: నలుపు నలుపుగా లేదు, అంతటా పలచటి తెర

ఎక్స్‌పోజర్‌ను నిందించే ముందు లెన్సు చూడండి. ఏసీ కారులోంచి బీచ్‌లో దిగి వెంటనే తీస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. అరగంట ముందే ఏసీ ఆపండి, లేదా బ్యాగు జిప్ తీయకుండా 20-30 నిమిషాలు బయట ఉంచండి. ఆవిరి కాకపోతే, లెన్సు విప్పి వెనక నుంచి టార్చ్ వేయండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు, మెకానిక్ పని. లోపలి గాజును మీరు తుడవొద్దు.