రొమ్ములో గడ్డ తగిలితే తిరుపతిలో ఎక్కడికి వెళ్లాలి, ఏమేమి పట్టుకెళ్లాలి?

స్నానం చేస్తుండగా మా పిన్ని చేతికి కుడి రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని రెండు నెలలు పసుపు పట్టు వేసుకుని ఊరుకుంది. తర్వాత ఊరికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో దాన్ని కోయించుకుంది. కోసిన ముక్కను అక్కడ పరీక్షకు పంపలేదు. ఆరు నెలలకు గడ్డ మళ్లీ వచ్చింది. తిరుపతిలో డాక్టరు అడిగిన మొదటి మాట, "బయాప్సీ (గడ్డ ముక్క పరీక్ష) రిపోర్టు ఏది?" మా చేతిలో బిల్లు తప్ప ఇంకేమీ లేదు. ఇంకొకరు అలా తిరగకూడదని దారి వరుసగా రాస్తున్నాను.

ముందు ఊళ్లోనే చూపించుకోండి

నొప్పి లేని గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు గుంట పడటం, నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం, చంకలో గడ్డ. వీటిలో ఏది కనిపించినా ఆ వారంలోనే కదలాలి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. అయితే ఏది కాదో చేత్తో తడిమి ఇంట్లోవాళ్లు తేల్చలేరు.

30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయడం ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో అడగండి. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి పింక్ బస్సు పల్లెలకు వచ్చి పరీక్షలు చేస్తుంది, మీ వైపు ఎప్పుడు వస్తుందో ఏఎన్ఎం, ఆశాల ద్వారానే కనుక్కోవచ్చు. పీహెచ్‌సీలో "ఒంట్లో బాగాలేదండీ" అని మొహమాటపడితే బలం మందు రాసి పంపేస్తారు. రొమ్ములో గడ్డ అని ఆ మాటే చెప్పండి. లేడీ డాక్టరు కావాలని అడగడంలో తప్పు లేదు. పెద్దాస్పత్రికి చీటీ కూడా అక్కడే రాయించుకోండి.

ఏ ఆస్పత్రి, అందులో ఏ విభాగం?

ఆడవాళ్ల సమస్య కదా అని చాలామంది నేరుగా గైనకాలజీ వరుసలో నిలబడతారు. మేమూ ఒక పూట అలాగే పోగొట్టుకున్నాం. రొమ్ము గడ్డను చూసేది సర్జరీ వాళ్లు. ఓపీ చీటీ రాసేచోట సర్జికల్ ఆంకాలజీ (క్యాన్సర్ ఆపరేషన్ల విభాగం) అని అడగండి, అది లేని ఆస్పత్రిలో జనరల్ సర్జరీ.

తిరుపతిలో అలిపిరి రోడ్డులో స్విమ్స్, దానికి దగ్గర్లోనే రుయా ప్రభుత్వాస్పత్రి ఉన్నాయి. స్విమ్స్‌లో క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ ఉన్నాయి. టీటీడీ ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి 2022 మేలో మొదలైంది. ఆటో అతనికి జూపార్కు రోడ్డులో టాటా క్యాన్సర్ ఆస్పత్రి అంటే తెలుస్తుంది. చిత్తూరు వాళ్లు మొదటి పరీక్షకు జిల్లా ఆస్పత్రికి వెళ్లవచ్చు. అక్కడి నుంచి వేలూరు సీఎంసీ తిరుపతి కంటే దగ్గర, కానీ అది తమిళనాడు. మన రాష్ట్ర ఎన్టీఆర్ వైద్య సేవ పథకం అక్కడ వర్తిస్తుందో లేదో బస్సెక్కకముందే 104కు ఫోన్ చేసి కనుక్కోండి.

డబ్బు మాట

ఎన్టీఆర్ వైద్య సేవలో (ఇంకా అందరూ ఆరోగ్యశ్రీ అనే అంటారు) క్యాన్సర్ చికిత్స ఉంది. ఆధార్, రేషన్ కార్డు అసలు ప్రతులు, వాటి జిరాక్సులు పట్టుకెళ్లండి. డాక్టరును చూడకముందే పథకం కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగితో (మిత్ర అంటారు) మాట్లాడి, ఏ పరీక్ష పథకంలోకి వస్తుందో, దేనికి చేతి డబ్బు పడుతుందో అడగండి. ఆధార్‌లో, రేషన్ కార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ఒక అక్షరం తేడాకు ఒక రోజు పోతుంది.

పరీక్షల రోజు

డాక్టరు చేత్తో చూడటం, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) లేదా అల్ట్రాసౌండ్ స్కాన్, సూదితో ముక్క తీసే బయాప్సీ. ఈ మూడూ కలిస్తేనే తేలుతుంది. వయసు తక్కువైతే ముందు స్కాన్ తీస్తారు. మామోగ్రామ్ రోజున చంకలకు, ఛాతీకి పౌడరు రాసుకోవద్దు, పౌడరు రేణువులు ఫిల్ములో సున్నపు చుక్కల్లా కనిపించి తికమక పెడతాయి. పైవరకే విప్పితే సరిపోయేలా చీరో, రెండు ముక్కల బట్టలో వేసుకోండి. నెలసరి అయిన తర్వాతి వారంలో వెళితే నొప్పి తక్కువ.

సూది గుచ్చితే జబ్బు పాకుతుందని పక్కింటివాళ్లు భయపెడతారు. అది నిజం కాదు. పరీక్ష చేయించకుండా గడ్డ కోయించడంలోనే ప్రమాదం ఉందని మా పిన్నిని చూసి తెలుసుకున్నాం.

బయాప్సీలో క్యాన్సర్ అని తేలితే ఈఆర్, పీఆర్ (హార్మోన్లతో పెరిగే రకమా అని), హెర్‌2 (ఆ ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని) పరీక్షలు కూడా చేస్తారు. ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి అవే. రిపోర్టు కాగితంతో పాటు తీసిన ముక్కను మైనంలో పెట్టి ల్యాబులో దాచే బ్లాకు, స్లైడ్లు ఉంటాయి. వేరే ఆస్పత్రికి మారేటప్పుడు సంతకం పెట్టి వాటిని అడిగి తీసుకోండి. అవి లేకపోతే మళ్లీ సూది, మళ్లీ పది రోజుల నిరీక్షణ. ఎండలో, బైకు డిక్కీలో పెట్టకండి, మైనం కదా.

చికిత్స మొదలయ్యాక

ఆపరేషన్‌కు ముందే ఒక ప్రశ్న అడగండి: రొమ్ము మొత్తం తీయాలా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వవచ్చా? అడగకపోతే కొన్నిచోట్ల ఆ మాటే రాదు.

రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు నడుస్తుంది. పలమనేరు నుంచి రోజూ వచ్చిపోవడం మనిషిని పిండేస్తుంది. తిరుపతిలో గది అంటే, వారాంతాల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు భక్తుల రద్దీకి అద్దెలు ఎలా ఎగబాకుతాయో తెలిసిందే. తేదీలు చేతికి రాగానే బస సంగతి ఆస్పత్రి సోషల్ వర్కర్‌ను అడగండి. రైల్లో వచ్చేవారికి, తోడు వచ్చే ఒకరికి చార్జీలో రాయితీ ఉంది, డాక్టరు సంతకం చేసిన ఫారం కావాలి.

ఈఆర్ పాజిటివ్ అయితే ఆ తర్వాత కనీసం ఐదేళ్లు రోజూ ఒక మాత్ర. బాగానే ఉన్నానని రెండో ఏడే మానేసేవారు ఉన్నారు. మా పిన్ని ఆ డబ్బాను కాఫీ పొడి డబ్బా పక్కన పెట్టుకుంది. పొద్దున కాఫీ మరచిపోయే మనిషి కాదు ఆవిడ.