షాకప్పు బిగుసుకుపోయిందా? కొత్తది కొనకముందు వైరు చూడండి

ఇది కరెంటుతో గట్టిదనం మార్చుకునే షాకప్పులున్న కార్ల సంగతి.

లక్షణం: డ్యాష్‌బోర్డులో సస్పెన్షన్ లైటు. కంఫర్ట్ నొక్కినా స్పోర్ట్ నొక్కినా తేడా లేదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే బండి ఎడ్లబండిలా కుదిపేస్తుంది.

నాలుగు షాకప్పులూ ఒకేసారి చెడిపోవు. చాలా కార్లలో ఒక్కదాని సర్క్యూట్ తెగినా కంప్యూటర్ నాలుగింటినీ ఆపేస్తుంది. కరెంటు అందకపోతే షాకప్పులోని వాల్వు నూనె దారిని ఇరుగ్గా ఉంచేస్తుంది, అందుకే ఆ గట్టిదనం. స్కానర్ ‘ముందు ఎడమ డ్యాంపర్’ (అంటే షాకప్పు) అని చూపిస్తే ఆ సర్క్యూట్‌లో తేడా ఉందని అర్థం, షాకప్పు పోయిందని కాదు. షాకప్పు ఒంటి మీద నూనె కారుతుంటే మాత్రం మార్చాల్సిందే.

నన్ను ముంచిన కారణం: తొడుగు లోపల తెగిన వైరు. 1983లో టొయోటా సోరర్ కారుకి వచ్చిన టెమ్స్ అనే కరెంటు సస్పెన్షన్‌లో యాక్చుయేటర్ (గట్టిదనం మార్చే భాగం) షాకప్పు నెత్తిన ఉండేది, వైరుకు పెద్దగా కదలిక లేదు. ఇప్పుడు చాలా కార్లలో సోలెనాయిడ్ వాల్వు (కరెంటు కాయిల్‌తో కదిలే వాల్వు) చక్రం పక్కన, బురదలో ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా వైరు మెలితిరుగుతుంది. బ్రేకు పని చేసినవాళ్లు దాని క్లిప్పు తిరిగి పెట్టకపోతే ఇక తెగడమే.

కిందటేడు కళింగపట్నం నుంచి ఒకాయన వచ్చాడు. “మేస్త్రీ, షాకప్పు మార్చీమన్నారు, లక్ష దాటుద్దట.” ప్లగ్గు విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము, సముద్రపు గాలి పని. కాయిల్ రీడింగు బాగుంది. తుడిచి పంపేశాను. మూడో రోజు గార దాటకముందే లైటు మళ్లీ వెలిగిందట. ఈసారి మీటరు తగిలించి ఉంచి, కుర్రాణ్ణి స్టీరింగ్ తిప్పమన్నాను. కుడి చివరకు వెళ్లగానే రీడింగు పోయింది. వైరు వేళ్లతో వంచుతూ పోతే ఒకచోట దారంలా మెత్తగా వంగింది. లోపల రాగి లేదు, తొడుగే మిగిలింది.

అందుకే షాకప్పు ప్లగ్గు దగ్గర కొలిచి ఆగిపోకండి. తాళం తీసేసి, బాడీ వైపు ప్లగ్గు దగ్గర ఓమ్స్ చూడండి. వైరూ కాయిలూ కలిసి వస్తాయి. అవతలి చక్రంతో పోల్చండి. మీటరు తీయకుండా స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి, చక్రం పైకీ కిందికీ ఆడించండి. రీడింగు గెంతితే వైరే.

పరిష్కారం: మెలేసి టేపు చుట్టొద్దు. టంకం కూడా వద్దు, అక్కడ వైరు పుల్లలా బిగిసి ఆ అంచునే మళ్లీ తెగుతుంది. ముక్క మొత్తం మార్చి, క్లిప్పు తప్పకుండా పెట్టి, స్కానర్‌తో తప్పు కోడు చెరిపి నడిపి చూడండి.

2002లో క్యాడిలాక్ సెవిల్‌తో వచ్చిన ఇనుప రేణువుల నూనె షాకప్పు రకమైతే ప్లగ్గు కోసం షాకప్పు నెత్తిన వెతకండి. బండి ఎత్తు కొలిచే సెన్సారు లింకు (దాని చిన్న కడ్డీ) ఊడితే కంటికే కనిపిస్తుంది. కంప్యూటర్ పోవడం చాలా అరుదు, దాన్ని చివరకు ఉంచండి.