పేపర్ తిరిగొచ్చిందా? తేడా ఎక్కడ కొట్టిందో చూద్దాం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీద పనిచేసే ఎకనామిక్స్ స్కాలర్లకు జర్నళ్ల దగ్గర వచ్చే ఇబ్బందులు ఇంచుమించు ఒకే రకం. పేపర్ ఏ దశలో ఆగిందో చూస్తే సగం కారణం అక్కడే దొరుకుతుంది.

సమస్య: పంపిన వారంలోనే "మా జర్నల్‌కు సరిపోదు" అని మెయిల్

ఇది డెస్క్ రిజెక్ట్. రిఫరీల (పేపర్‌ను పరిశీలించే బయటి నిపుణుల) దాకా వెళ్లకుండా ఎడిటరే తిప్పేశారన్నమాట. "ఏటి మాస్టారూ, చదవకుండానే తిప్పీసినారు" అంటారు కుర్రాళ్లు. చదివే ఉంటారు, మొదటి రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో ఏముందో ఒకసారి చూసుకోండి. నాగావళి, వంశధార, సగటు వర్షపాతం, మండలాల సంఖ్య, ఆ తర్వాత ఎవరెవరు ఏమన్నారో వరుసగా. అసలు ప్రశ్న ఆరో పేజీకి గానీ రాదు. థీసిస్ అధ్యాయాన్ని కత్తిరించి పంపితే ఇలాగే ఉంటుంది. నా లెక్కలో డెస్క్ రిజెక్టులకు అసలు కారణం ఇదే, ఇంగ్లిషు కాదు.

"శ్రీకాకుళం జిల్లా మత్స్యకారుల వలసలు: ఒక అధ్యయనం" అంటే ఫైలు అట్ట మీద రాసుకునే పేరు. ఎచ్చెర్ల తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు బోటు పనికి వెళ్లేవాళ్లలో, అడ్వాన్స్ తీసుకుని వెళ్లిన కుటుంబానికి సీజన్ చివర మిగిలేది తక్కువా? ఇదీ ప్రశ్న. మొదటి పేజీలోనే ప్రశ్న, డేటా, తేలిన అంకె, ఈ మూడూ ఉండాలి. వర్షపాతం ప్రశ్నకు అవసరమైతే డేటా భాగంలో రెండు వాక్యాలు చాలు. అమెరికన్ ఎకనామిక్ రివ్యూ సారాంశాన్ని 100 పదాల్లోపే ఇవ్వమంటుంది. మీరు అక్కడికి పంపకపోయినా ఆ కొలతకు ఒకసారి కుదించి చూడండి, ఏది చెత్తో తెలిసిపోతుంది.

జేఈఎల్ కోడ్‌లు (ఎకనామిక్స్ పేపర్ ఏ అంశానిదో చెప్పే గుర్తులు) కూడా ఆలోచించి పెట్టండి. పై పేపర్‌కైతే జే61, ఓ15, క్యూ22 సరిపోతాయి. ఇంకో మాట: మీ రిఫరెన్సుల్లో ఆ జర్నల్‌లో వచ్చిన పేపర్ ఒక్కటీ లేదంటే, బహుశా మీరు తప్పు గుమ్మం ఎక్కారు.

సమస్య: ఎడిటర్ చూడకముందే ఆఫీసు వాళ్లే వెనక్కి పంపారు

రాసిందెవరో రిఫరీకి తెలియకూడదనే జర్నల్‌లో మీ పేరు బయటపడి ఉంటుంది. టైటిల్ పేజీ వేరే ఫైలుగా ఇచ్చినా, వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో మీ పేరో, ఫైలు టైప్ చేసిన నెట్ సెంటర్ పేరో అలాగే ఉంటుంది. డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్ నడిపి తీసేయండి. గైడ్‌గారికి కృతజ్ఞతలు టైటిల్ పేజీలోకి మార్చండి. "మా గత అధ్యయనంలో" అని రాసిన చోట మూడో మనిషి రాసినట్టు మార్చండి.

సమస్య: సిమిలారిటీ రిపోర్టులో (ఇతర రచనలతో పోలిక చూపేది) శాతం చాలా ఎక్కువ

మీ థీసిస్ శోధ్‌గంగలో (పీహెచ్‌డీ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) ఉంటే మీ వాక్యాలే మీకు ఎదురు తిరుగుతాయి. కంగారుపడి పర్యాయపదాలు మార్చకండి, భాష చెడిపోతుంది. పీహెచ్‌డీలోంచి తీసిన పేపర్ అని కవర్ లెటర్‌లో చెప్పేయండి. యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం వరకు పోలికను పట్టించుకోవు, కానీ జర్నళ్ల హద్దులు వాటివి వాటికుంటాయి.

సమస్య: "జిల్లా అంకెలు పొంతన కుదరడం లేదు" అని రిఫరీ

మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఇది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాలకొండ వైపు మండలాలు పార్వతీపురం మన్యంలో కలిశాయి, రాజాం వైపువి విజయనగరంలోకి వెళ్లాయి. 2011 జనాభా లెక్కల్లోని 27.03 లక్షలు పాత శ్రీకాకుళానివి. 2023 పంట విస్తీర్ణాన్ని ఆ జనాభాతో భాగిస్తే వచ్చే తలసరి అంకెకు అర్థమే లేదు. గ్రాఫ్‌లో 2022 తర్వాత కనిపించే పతనం పంటది కాదు, సరిహద్దుది. బయటి రిఫరీకి ఈ కథ తెలియదు, తెలిసినా మీ తరఫున ఊహించుకోడు.

మండలాల వారీ అంకెలు తెచ్చి, ఏదో ఒక సరిహద్దుకు, పాతదైనా కొత్తదైనా, అన్ని సంవత్సరాలనూ మళ్లీ కూడండి. ఏ సరిహద్దు వాడారో డేటా భాగంలో ఒకసారి, ప్రతి టేబుల్ కింద ఒకసారి రాయండి. మ్యాప్ కూడా అదే సరిహద్దుతో ఉండాలి. టేబుల్ ఒకటి, మ్యాప్ ఒకటి చెబితే మళ్లీ మొదటికొస్తుంది.

సమస్య: "స్టాండర్డ్ ఎర్రర్లు నమ్మలేం"

స్టాండర్డ్ ఎర్రర్ అంటే మీ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత. ఆరు ఊళ్లలో 240 ఇళ్లు సర్వే చేశారనుకుందాం. ఒకే ఊరి ఇళ్ల కష్టసుఖాలు కలిసే కదులుతాయి కాబట్టి ఊరి స్థాయిలో క్లస్టర్ చేయాలి, అంటే ఒక ఊరి ఇళ్లను ఒక గుంపుగా లెక్కలోకి తీసుకోవాలి. క్లస్టర్లు ఆరే కాబట్టి మామూలు సూత్రం పనిచేయదు. గుంపులు తక్కువున్నప్పుడు వాడే వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ పద్ధతి పెట్టండి, దాంతోనూ మరీ గట్టిగా చెప్పకండి. 2018 అక్టోబర్ 11న తీరం దాటిన తిత్లీ తుఫాను మీద రాసేవాళ్లు పలాస వైపు జీడితోటల ముందూ తర్వాతా అంకెలు ఇచ్చి ఊరుకుంటారు. తుఫాను తగలని మండలాలను పక్కన పెట్టి పోల్చకపోతే అది తుఫాను ప్రభావమని ఎవరూ ఒప్పుకోరు.

సమస్య: "మేజర్ రివిజన్" వచ్చింది, చేతులు ఆడడం లేదు

పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమన్నారంతే. టెన్షన్ వద్దు, ఇది మంచి కబురే. రిఫరీ రాసిన ప్రతి పాయింటూ యథాతథంగా పెట్టి, కింద మీ జవాబు, పేజీ నంబర్ ఇవ్వండి. ఒప్పుకోని చోట కారణం చూపి మర్యాదగా కాదనండి. మౌనంగా దాటేస్తేనే ఇబ్బంది.

సమస్య: మూడు రోజుల్లో అంగీకార పత్రం, వెంటనే డబ్బు కట్టమని మెసేజ్

అసలైన జర్నళ్లలోనూ కొన్ని ఫీజు తీసుకుంటాయి. కానీ సబ్మిషన్ ఫీజు అయితే ముందే, ఫలితం ఏదైనా కట్టేది. రివ్యూ రిపోర్టు ఒక్కటీ చూపకుండా "యాక్సెప్టెడ్" అని డబ్బు అడిగితే అనుమానించాల్సిందే. "యూజీసీ కేర్ లిస్టెడ్" అనే ముద్ర చూసి మోసపోకండి, నమ్మదగ్గ జర్నళ్లంటూ ఇచ్చే ఆ జాబితాను యూజీసీ 2025లో ఆపేసింది. పీహెచ్‌డీ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అన్న షరతును 2022 నిబంధనల్లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ ఏమంటోందో ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

ఇప్పటికే పంపేసి, డబ్బు కట్టకుండా, కాపీరైట్ ఫారం మీద సంతకం పెట్టకుండా ఉంటే, పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ పెట్టి కాపీ దాచుకోండి. వేరే జర్నల్‌కు పంపాక ఎడిటర్ అడిగితే చూపించడానికి అదొక్కటే ఆధారం.