లాబ్రడార్ (లాబ్) కుక్కపిల్ల ఇల్లు పీకి పందిరేస్తుంటే ఏం చేయాలి?

నా చేతుల మీద ఇప్పటికి తొమ్మిది కుక్కపిల్లలు పెరిగాయి, వాటిలో నాలుగు లాబ్‌లు. "మావాడికి పొగరండీ, నాలుగు తగిలిస్తే గానీ దారికి రాడు" అని ఎవరైనా ఫోన్ చేస్తే నాకు ఒళ్లు మండుతుంది. పొగరూ లేదు, పాడూ లేదు. దానికి పళ్లొస్తున్నాయి, నిద్ర చాలట్లేదు, మీదికి ఎగిరితే మీరు పలుకుతారని తెలిసిపోయింది. అంతే.

కావలసినవి: ఆరడుగుల నూలు లీష్ (కుక్కను పట్టుకునే తాడు), మామూలు కాలర్, పాత తువ్వాలు, ఫ్రీజర్‌లో పెట్టిన క్యారెట్లు. లాగితే సాగే లీష్ వద్దు. గొలుసు అసలే వద్దు.

ముందు నేల ఖాళీ చేయండి. చెప్పులు, రిమోట్, ఛార్జర్ వైర్లు అన్నీ పైకి. మూడు నాలుగు నెలల నుంచి ఆరేడు నెలల దాకా 28 పాలపళ్లు ఊడి 42 కొత్తవి వస్తాయి. ఆ చిగుళ్ల సలుపుకి చల్లటి క్యారెట్ ఇవ్వండి. పాత చెప్పు మాత్రం ఇవ్వకండి, పాతదేదో కొత్తదేదో దానికేం తెలుసు? ఉడికిన ఎముకలూ వద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ విషం. పాయసం గిన్నె నాకించే ఇళ్లలో అందులో కిస్మిస్ ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అదీ విషమే.

తర్వాత నిద్ర. ఈ వయసులో రోజుకు పదహారు, పద్దెనిమిది గంటలు పడుకోవాలి. సాయంత్రం ఏడింటికి పిచ్చెక్కినట్టు సోఫాల మీద దూకుతోందంటే ఇంకో వాకింగ్ కావాలని కాదు, నిద్రకు ఆగలేకపోతోందని. డాగ్ ఫుడ్ తువ్వాల్లో చుట్టి పడేయండి. ముక్కుతో వెతుక్కుని తిని, అలిసి పడుకుంటుంది.

ఇక గుమ్మం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

తాళం చప్పుడుకే లోపల గోళ్లు టైల్స్ మీద జారుతుంటాయి. తలుపు తీయగానే ముందుకాళ్లు మీ ఛాతీ మీద. "ఏయ్, దిగు దిగు" అంటూ రెండు చేతులా నెడతారు. మాట్లాడారు, ముట్టుకున్నారు, మొహంలోకి చూశారు. దానికి కావలసినవి మూడూ ఇచ్చేశారు.

చేతులు కట్టుకోండి. పక్కకి తిరగండి. గోడకేసి చూడండి. నోరు మెదపకండి. నాలుగు కాళ్లూ నేల మీద ఆనిన ఆ క్షణంలోనే, ఒక్క సెకను ఆగకుండా, కింద కూర్చుని ఛాతీ నిమరండి. తల నిమిరితే మళ్లీ పైకి లేస్తుంది. లేచిందా, మీరూ లేచి మళ్లీ గోడకేసి చూడండి.

మూడో రోజుకో నాలుగో రోజుకో అల్లరి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. ఇంకా ఎత్తుకు ఎగురుతుంది, మొరుగుతుంది, చున్నీ పట్టుకుని లాగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం ఎందుకు పనిచేయట్లేదో తెలియక గట్టిగా ప్రయత్నిస్తోందన్నమాట. ఇప్పుడు "సరేలే" అన్నారో, అంత ఎత్తుకు ఎగరాలని నేర్పినట్టే.

ఇంట్లో ఒక్కరు తప్పినా అంతే. మా నాయనమ్మ "పోనీలేరా, పసిది" అంటూ, ఎగిరినప్పుడల్లా నోట్లో బిస్కెట్ ముక్క పెట్టేది. రెండు వారాలు బూడిదలో పోసిన పన్నీరు. ఓ రోజు గోరు తగిలి మణికట్టు మీద పల్చటి చర్మం చీరుకుపోయింది. మర్నాటి నుంచి కొంగు నడుముకి దోపి, గోడకేసి బొమ్మలా నిలబడింది.

పెద్దవాళ్లు, చంటిపిల్లలు వచ్చినప్పుడు ఈ ప్రయోగం చేయకండి. తలుపు తీయకముందే లీష్ తగిలించి దాని మీద కాలేసి నిలబడండి. కుక్క నిలబడగలగాలి, ఎగరలేకపోవాలి. లీష్‌తో ఒంటరిగా మాత్రం వదలొద్దు, ఎక్కడైనా చిక్కుకుంటుంది.

మోకాలితో ఛాతీ మీద పొడవమనేవాళ్లున్నారు. నా మొదటి కుక్కకి నేనూ చేశాను. అది ముందు నుంచి మానేసి వెనక నుంచి ఎగరడం మొదలెట్టింది. చుట్టిన పేపరుతో కొట్టేవాళ్ల కుక్కలు పేపర్‌బాయ్‌ని చూసి మొరుగుతాయి తప్ప చెప్పులు కొరకడం మానవు.

సెలవు రోజున ఊరికే పదిసార్లు బయటికెళ్లి లోపలికి రండి. పక్కింటివాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. పదోసారికి అది లేవదు, పడుకునే తోకతో నేల మీద టపటపా కొడుతుంది. అప్పుడు మీరే దాని దగ్గరికెళ్లి కూర్చోండి.