ఎన్నికల ఫలితం చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: ‘కులమా, అభివృద్ధా’ అని అడిగే ముందు

పోయిన పాఠంలో బీహార్ కులగణన అంకెలు ఇచ్చి, లాలూ ప్రసాద్, నితీశ్ కుమార్‌ల కూటమి చేతిలో బీజేపీ ఓడిన 2015 అసెంబ్లీ ఫలితాన్ని మీ మాటల్లో విడమర్చి రాయమన్నాను. జవాబులు చాలా వచ్చాయి, అన్నీ చదివాను. ఈసారి బూత్ లెక్కల్లోకి నేరుగా దిగాలనుకున్నాను కానీ ఇప్పుడే వీల్లేదు. దాదాపు అందరూ ఒకే మాట రాశారు: ‘కులం గెలిచింది, అభివృద్ధి ఓడింది’. ఆ మాటకు చేరిన దారిలో నాలుగు చోట్ల కాలు జారింది. అది సరిచేసుకోకుండా బూత్ లెక్క చేతికిస్తే అక్కడా అదే తప్పు చేస్తాం.

మొదటిది నేను ముందే హెచ్చరించాల్సింది. మన దగ్గర ఈబీసీ అంటే ఆర్థికంగా వెనుకబడిన అగ్రకులాలవాళ్లు. ఆంధ్రలో ఈబీసీ నేస్తం అని పథకమే నడిచింది. బీహార్‌లో అవే మూడు అక్షరాలకు అర్థం పూర్తిగా వేరు. అక్కడ ఈబీసీలంటే వెనుకబడిన కులాల్లోనే అట్టడుగున ఉన్నవాళ్లు: మంగలి పని, పడవ నడపడం, నూనె గానుగ లాంటి చేతివృత్తుల కులాలు, భూమి లేనివాళ్లు. 2023 అక్టోబర్ 2న వచ్చిన కులగణనలో వీళ్లు 36.01 శాతం. మీలో కొందరు ఈ 36 శాతాన్ని పేద అగ్రవర్ణాలనుకుని బీజేపీ ఖాతాలో వేశారు. అక్కడ కుల రిజర్వేషన్ లేని వర్గాలన్నీ కలిపినా 15.52 శాతమే.

రెండోది, ముస్లింలు 17.7 శాతం, ఈబీసీలు 36 శాతం అని రెండూ కూడేశారు. అక్కడి ముస్లింలలో చాలా కులాలు ఈబీసీ జాబితాలోనే ఉన్నాయి, కొన్ని బీసీల్లో, కొన్ని జనరల్‌లో ఉన్నాయి. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టినట్టయింది. మతం లెక్క ఒక పేజీలో, కులం లెక్క ఇంకో పేజీలో రాసుకోండి. నేనైతే రెండు నోట్‌బుక్కులే పెట్టుకుంటాను.

మూడోది, యాదవులు 14.26, ముస్లింలు 17.7, మొత్తం 32, కాబట్టి లాలూ ప్రసాద్ ఓటు 32 శాతం అని రాయడం. జనాభా శాతం ఓటు శాతం కాదు. ఈ ఒక్క ముక్కను ఇంతకంటే వివరించను, 2వ పాఠం మళ్లీ చదవండి.

ఇక నాలుగోది, అసలు గుంత. దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే మీరే కాదు, ఫలితాల రోజు టీవీలో కూర్చునే పెద్దవాళ్లు కూడా ఇందులోనే పడతారు. వాళ్లు పడి లేచేలోపు ‘ప్రజలు అభివృద్ధిని తిరస్కరించారు’, ‘కులాలకు అతీతంగా తీర్పు’ లాంటి మాటలు ఊరూరా పాకిపోతాయి. ఐదేళ్లపాటు రాజకీయమంతా ఆ తప్పు మాట మీదే నడుస్తుంది. అందుకే నాకు కోపం.

బీహార్‌లో లాలూ పార్టీ ఆర్జేడీకి 2010లో వచ్చిన ఓట్లు 18.84 శాతం, సీట్లు 22. 2015లో ఓట్లు 18.35 శాతం, సీట్లు 80. ఓట్ల శాతం కాస్త తగ్గింది, సీట్లు దాదాపు నాలుగు రెట్లయ్యాయి. ఈ రెండు వరుసలు చూసి ఒకరు ‘యాదవ ఓటు చెక్కుచెదరలేదు, మిగతా కులాలు వచ్చి చేరాయి’ అని రాశారు. ఇంకొకరు అవే అంకెలతో ‘ఓటు తగ్గింది కాబట్టి కులం పట్టు సడలింది’ అన్నారు. ఇద్దరూ ఒక గడి చూడలేదు. అది పార్టీ ఎన్ని స్థానాల్లో పోటీ చేసిందో చెప్పే గడి.

2010లో ఆర్జేడీ 168 చోట్ల పోటీ చేసింది. 2015లో నితీశ్ కుమార్ పార్టీ జేడీయూతో, కాంగ్రెస్‌తో పొత్తు (మహాకూటమి) పెట్టుకుని 101 చోట్లే నిలబడింది. పోటీలోనే లేనిచోట పార్టీకి ఓట్లు సున్నా పడతాయి, ఆ సున్నాలు కూడా రాష్ట్ర శాతంలో కలిసిపోతాయి. కాబట్టి ఓట్ల శాతాన్ని మొత్తం స్థానాలు 243తో గుణించి, పోటీ చేసిన స్థానాలతో భాగించండి. 2010లో సుమారు 27 వస్తుంది. 2015లో సుమారు 44. అంటే పోటీ చేసినచోట సగటున ప్రతి వంద ఓట్లలో 44 తెచ్చుకుంది. ఇప్పుడు 80 సీట్లు వింతగా కనబడవు. ఇది ఉజ్జాయింపు లెక్కే, నియోజకవర్గాలన్నీ ఒకే సైజులో ఉండవు కదా. కానీ కళ్లు తెరిపించడానికి చాలు.

ఇంకోవైపు బీజేపీ. 2015లో రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు దానికే పడ్డాయి, 24.42 శాతం. సీట్లు 53. అది 157 చోట్ల పోటీ చేసింది కాబట్టి మన లెక్కలో 38 దాకా వస్తుంది. ఎదుటివాళ్లు పోటీ చేసినచోట 44 తెచ్చుకుంటుంటే 38తో గెలవడం కష్టం.

2025 నవంబర్‌లో ఇదే కథ తిరగబడింది. ఎక్కువ ఓట్లు ఆర్జేడీకి పడ్డాయి, 23 శాతం. సీట్లు 25. బీజేపీ సుమారు 20 శాతంతో 89 గెలిచింది. ఆర్జేడీ 140కి పైగా స్థానాల్లో నిలబడింది, బీజేపీ 101లో. లెక్క మీరే వేసుకోండి.

మన దగ్గర చూద్దాం. జనసేనకు 2019లో 5.53 శాతం ఓట్లు, ఒక్క సీటు. 2024లో 6.85 శాతం, పోటీ చేసిన 21 చోట్లా గెలుపు. ‘2019లో కాపు ఓటు కదల్లేదు, 2024లో కదిలింది’ అని ఎంతమంది చెప్పగా విన్నారు? 2019లో 130కి పైగా స్థానాల్లో చెదిరిన ఓటు, పోటీ చేసినచోట చూస్తే ఏడు శాతం దగ్గర ఉంటుంది. 2024లో అదే లెక్క 57. ఆ 57లో జనసేన సొంత ఓటు ఎంత, తెలుగుదేశం నుంచి బదిలీ అయింది ఎంత అన్నది ఈ అంకె చెప్పదు. దాన్ని ఒక కులం పేరుతో మూటగట్టడం అసలే కుదరదు. ఇంకొకటి: 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం, 23 సీట్లు. 2024లో వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం, 11 సీట్లు. ఓడిన పార్టీ వెంట రెండుసార్లూ నూటికి 39 మంది నిలబడ్డారు. సీట్లు మాత్రమే చూసి ‘ఫలానా కులం మొత్తం వెళ్లిపోయింది’ అనేవాళ్లు ఈ 39 మందిని మనుషుల లెక్కలోంచి తీసేస్తున్నారు.

ఈ లెక్క వేయకుండా ‘కులమా, అభివృద్ధా’ అనే ప్రశ్న దగ్గరికి రావద్దు. వేశాక 2015ని మళ్లీ చదవండి.

ఆ ఏడాది ఆగస్టు 18న ప్రధాని మోదీ ఆరా పట్టణంలో బీహార్‌కు లక్షా పాతిక వేల కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. సెప్టెంబర్‌లో ఆరెస్సెస్ అధినేత మోహన్ భాగవత్ రిజర్వేషన్ల సమీక్ష గురించి మాట్లాడారు, లాలూ ఆ మాటను ప్రతి సభలో పట్టుకున్నారు. నవంబర్‌లో మహాకూటమి 178 గెలిచింది. ఇంతవరకే చూస్తే ‘అభివృద్ధి ఓడింది’ అనిపిస్తుంది. కానీ గెలిచిన కూటమికి ముఖ్యమంత్రి అభ్యర్థి ఎవరు? రోడ్లు, కరెంటు, ఆడపిల్లల సైకిళ్లు అన్న మాటలకు పదేళ్లుగా పేరు పెట్టుకున్న నితీశ్.

వెనక్కి వెళ్దాం. 2010లో నితీశ్, బీజేపీ కలిసి 206 గెలిచినప్పుడు దేశమంతా దాన్ని అభివృద్ధి విజయం అంది. నాలుగేళ్లకు అదే నితీశ్, అవే రోడ్లు చూపించి, పెద్ద పొత్తు లేకుండా 2014 లోక్‌సభకు వెళ్తే 40లో దక్కినవి 2. రోడ్లు ఎక్కడికీ పోలేదు, పొత్తు పోయింది. లాలూ చూస్తే 2010లో యాదవులు, ముస్లింలు అనే పాత సామాజిక పునాదిని నమ్ముకుని 22 దగ్గర ఆగారు. విడివిడిగా ఓడిన ఇద్దరూ కలిస్తే 178. ఇందులో ఏది కులం ఓటు, ఏది అభివృద్ధి ఓటు అని గీత గీయమంటే నేను గీయలేను. గీయగలమనేవాళ్ల మాట నమ్మను.

గీత ఎందుకు పడదో 2006 సంవత్సరం ఒక్కటి చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది నితీశ్ ప్రభుత్వం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయలిచ్చే పథకం పెట్టింది. దాన్ని అందరూ అభివృద్ధి కింద రాస్తారు. అదే ఏడాది పంచాయతీల్లో ఆడవాళ్లకు సగం, ఈబీసీలకు 20 శాతం సీట్లు కేటాయించి ఎన్నికలు జరిపింది. దాన్ని కుల రాజకీయం కింద రాస్తారు. ఎప్పుడూ వార్డు మెంబరైనా కాని కులంలోంచి ఒకామె ముఖియా (అక్కడి సర్పంచ్ లాంటి పదవి) అయి, వాళ్ల వీధికి మొదటిసారి ఇటుక రోడ్డు వేయించుకుంటే అది ఏ ఖాతా? పదేళ్ల తర్వాత ఆ వీధివాళ్లు ఓటేసేటప్పుడు ఇటుకలు వేరు, ఇజ్జత్ వేరు అని తూకం వేసుకుంటారా?

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలు, మునసబులు, పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. 1985లో మండలాలు వచ్చాయి. పాలనను ఊరికి దగ్గర చేసిన సంస్కరణ అని పుస్తకాల్లో ఉంటుంది, నిజమే. కానీ పహాణీలో పేరు ఎక్కించుకోవడానికి ఒకే ఇంటి అరుగు ముందు తరతరాలు చేతులు కట్టుకుని నిలబడ్డ కుటుంబాన్ని అడగండి. ఆ అరుగు ఎవరిదో, ఏ కులానిదో వాళ్లు ముందు చెబుతారు.

ఇప్పుడు చేతికి పని. ఫారం 20 అంటే ఎన్నిక అయ్యాక ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చెప్పే తుది పట్టిక. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో దొరుకుతుంది. డౌన్‌లోడ్ చేయడం మీకు తెలుసు. అసలు సంగతి ఓటర్ల జాబితా మొదటి పేజీలో ఉంటుంది. ఆ బూత్ కిందకు ఏ వీధులు, ఏ కాలనీలు వస్తాయో అక్కడే రాసి ఉంటుంది. ఫారం 20లో అంకె, జాబితాలో వీధి పేరు, రెండూ పక్కపక్కన పెట్టాలి. బూత్ నంబర్లు ఎన్నికకూ ఎన్నికకూ మారుతుంటాయి, కాబట్టి నంబరుతో కాకుండా వీధి పేర్లతో పోల్చండి. ఇంకొక్కటి గట్టిగా చెబుతున్నాను: జాబితాలో ఇంటిపేర్లు చూసి కులం ఊహించకండి. తప్పుతుంది, పైగా అది మనం చేయకూడని పని.

నేను మా ఊరి మూడు బూత్‌లతో మొదలుపెట్టాను. రెండు బూత్‌లు బడిలో, మూడోది ఎస్సీ కాలనీ అంగన్‌వాడీలో. ఒక ఎన్నిక నుంచి ఇంకో ఎన్నికకు బడి బూత్‌లు పెద్దగా కదల్లేదు. కాలనీ బూత్‌లో మాత్రం పాత అధికార పార్టీ ఓటు సగానికి పడిపోయింది. నోట్‌బుక్‌లో ‘కులం ఓటు మారింది’ అని రాసి, మర్నాడు ఊరెళ్లాను. సీసీ రోడ్డు ఊరంతా వచ్చి కల్వర్టు దగ్గర ఆగిపోయి ఉంది. కల్వర్టు అవతల కాలనీ. కంకర కుప్ప రోడ్డు పక్కనే పోసి ఉంది, దాని మీద గడ్డి మొలిచి ఉంది. ఎన్నాళ్లయిందని ఒక పెద్దాయన్ని అడిగితే, ‘మా మనవడు నడక నేర్చింది ఈ కుప్ప మీదే బాబూ, ఇప్పుడు రెండో తరగతి’ అన్నాడు. ఆ తర్వాత సర్పంచ్ పదవి ఎస్సీలకు రిజర్వ్ అయ్యాక గానీ ఆ రోడ్డు కల్వర్టు దాటలేదు. నోట్‌బుక్‌లో రాసిన మాట కొట్టేశాను. దాని బదులు ‘కల్వర్టు’ అని రాసుకున్నాను.

అభ్యాసం. ఈసారి బరువుగానే ఇస్తున్నాను, నెల రోజులు తీసుకోండి. ఆంధ్రవాళ్లు 2019, 2024, తెలంగాణవాళ్లు 2018, 2023 ఫారం 20లు తీయండి. బయట ఉన్నవాళ్లు సొంతూరి నియోజకవర్గమే తీసుకోండి, ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేయాల్సి వస్తుంది. పన్నెండు బూత్‌లు ఎంచండి. గళ్ల నోట్‌బుక్‌లో ఒక్కో బూత్‌కు ఒక్కో పేజీ. పై సగంలో రెండు ఎన్నికల ఓట్లు, పోటీ చేసిన పార్టీలు, పొత్తులు. కింది సగం ఖాళీగా ఉంచి ఆ వీధికి వెళ్లండి. ఎవరికి ఓటేశారని అడగొద్దు, కులం అడగొద్దు. రోడ్డు ఎప్పుడు పడింది, నల్లా ఎప్పుడొచ్చింది, పింఛను ఎవరు రాయించారు, వీధిలో మొదటి వార్డు మెంబరు ఎప్పుడయ్యారు, ఈ నాలుగే అడగండి. వాళ్లు చెప్పిన సంవత్సరాలు కింది సగంలో రాయండి. రోడ్డు ఎక్కడ ఆగిందో ఆ చోటి పేరు కూడా రాయండి.