పయాన్‌తో కేంద్రకాన్ని కొలుద్దాం – 4వ పాఠం: లోయ కోణం నుంచి వ్యాసార్థం

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. కదలకుండా ఉన్న ప్రోటాన్‌ను పయాన్ (ప్రోటాన్ కన్నా చాలా తేలికైన, త్వరగా క్షీణించే కణం) ఢీకొని, రెండూ కలిసి 1232 ఎంఈవీల (మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లు; ఇక్కడ శక్తికీ ద్రవ్యరాశికీ ఇదే కొలమానం) డెల్టా అనే బరువైన కణంగా మారాలంటే పయాన్‌కు ఎంత గతిజశక్తి కావాలి? ముందు దాన్ని సరిచూద్దాం. 1232 వర్గంలోంచి ప్రోటాన్ ద్రవ్యరాశి 938.3 వర్గాన్నీ, పయాన్ ద్రవ్యరాశి 139.6 వర్గాన్నీ తీసేయండి. మిగిలినదాన్ని 938.3కు రెట్టింపుతో భాగిస్తే పయాన్ మొత్తం శక్తి 329.3 ఎంఈవీ అని తేలుతుంది. అందులో 139.6 పోతే గతిజశక్తి సుమారు 190.

154 వచ్చిందా? అయితే మీరు 1232లోంచి రెండు ద్రవ్యరాశులనూ నేరుగా తీసేశారన్నమాట. పుట్టిన డెల్టా అక్కడే ఆగిపోదు, ముందుకు కదులుతుంది. ఆ కదలికకు కావలసిన 36 ఎంఈవీలు కూడా పయాన్ జేబులోంచే పోవాలి.

ఈ 190 దగ్గర పయాన్, ప్రోటాన్ ఢీకొనే అవకాశం శిఖరానికి చేరుతుంది. 1952లో షికాగో సింక్రోసైక్లోట్రాన్ (కణాల వేగం పెంచే యంత్రం) దగ్గర భౌతికశాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ బృందం చూసింది ఈ శిఖరం వైపు నిటారుగా ఎగబాకుతున్న గీతనే. శిఖరం దగ్గర ధన పయాన్, ప్రోటాన్ జోడీకి క్రాస్ సెక్షన్ (ఢీకొనే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత) సుమారు 200 మిల్లీబార్న్‌లు. రుణ పయాన్, ప్రోటాన్ జోడీకి 70 మాత్రమే. న్యూట్రాన్ విషయంలో ఈ రెండూ తారుమారవుతాయి. ఈ 200, 70 గుర్తుంచుకోండి, పాఠం చివర మళ్లీ పని పడుతుంది.

ఇక ఈవేళ్టి పని. ఒక పరిక్షేపణ గ్రాఫ్ (కేంద్రకం నుంచి ఏ కోణంలోకి ఎన్ని పయాన్‌లు చెదిరాయో చూపేది) చేతికిస్తే, అందులో మొదటి లోయ ఏ కోణం దగ్గరుందో చూసి కేంద్రకం వ్యాసార్థం చెప్పగలగాలి.

దానికి ముందు, పయాన్ కేంద్రకంలో ఎంత దూరం చొరబడగలదో చూద్దాం. 200, 70ల సగటు 135 మిల్లీబార్న్‌లు, అంటే 13.5 చదరపు ఫెర్మీలు (ఫెర్మీ అంటే కేంద్రకాల పొడవులకు వాడే అతి చిన్న కొలమానం). కేంద్రకం నడిమధ్య ఘనపు ఫెర్మీకి సుమారు 0.16 న్యూక్లియాన్‌లు (ప్రోటాన్‌లు, న్యూట్రాన్‌లు కలిపి) ఉంటాయి. ఈ రెండింటినీ గుణించి, ఒకటిని ఆ లబ్ధంతో భాగిస్తే సగటు స్వేచ్ఛాపథం, అంటే దేన్నీ ఢీకొనకుండా పయాన్ సగటున వెళ్లే దూరం, 0.46 ఫెర్మీ. కాల్షియం కేంద్రకం ఈ చివరి నుంచి ఆ చివరికి 8 ఫెర్మీల పైనే ఉంటుంది. ఎదురుగా వచ్చిన పయాన్ లోపలికి అడుగు పెట్టీ పెట్టకముందే దేన్నో ఒకదాన్ని ఢీకొంటుంది. కాబట్టి 190 ఎంఈవీల పయాన్‌కు కేంద్రకం ఒక నల్లటి బిళ్ల. ఈ సంగతి ఖాయమైతేనే కింది సూత్రం చెల్లుతుంది.

నల్లటి బిళ్ల అంచుల చుట్టూ తరంగం వంగితే వివర్తనం. ముందువైపు పెద్ద శిఖరం, దాని పక్కన లోయ, మళ్లీ చిన్న శిఖరం. మొదటి లోయ దగ్గర పాటించే నియమం ఇదీ:

2 × తరంగసంఖ్య × వ్యాసార్థం × సైన్ (సగం కోణం) = 3.83

తరంగసంఖ్య (2π భాగించు తరంగదైర్ఘ్యం) కోసం ముందు ద్రవ్యవేగం కావాలి. 329.3 వర్గంలోంచి 139.6 వర్గం తీసేసి వర్గమూలం కడితే 298. దాన్ని 197.3తో (ఎంఈవీల నుంచి ఫెర్మీలకు మార్చే స్థిరాంకం) భాగిస్తే ఫెర్మీకి 1.51. చాలామంది తడబడేది ఇక్కడే: వర్గమూలంలో గతిజశక్తి 190ని పెట్టేస్తారు. పెట్టాల్సింది మొత్తం శక్తి.

కాల్షియం-40తో చేసి చూద్దాం. 40కి ఘనమూలం 3.42, దాన్ని 1.2తో (అన్ని కేంద్రకాలకూ ఇంచుమించు సరిపోయే అంకె, ఫెర్మీలలో) గుణిస్తే వ్యాసార్థం 4.1 ఫెర్మీలు. 3.83ను (2 × 1.51 × 4.1)తో భాగిస్తే 0.309. అది 18 డిగ్రీల సైన్. రెట్టింపు చేస్తే లోయ 36 డిగ్రీల దగ్గర ఉండాలి.

ప్రయోగంలో మాత్రం లోయ ఇంకాస్త చిన్న కోణం దగ్గరే కనబడుతుంది. అంటే పయాన్‌కు కేంద్రకం 4.1 కన్నా పెద్దదిగా తోస్తోంది. ఎందుకంటే కేంద్రకానికి గీత గీసినట్టు అంచు ఉండదు, సాంద్రత మెల్లగా పలచబడుతుంది. అది పదో వంతుకు పడిపోయిన చోట కూడా స్వేచ్ఛాపథం 4.6 ఫెర్మీలే. అక్కడ ఒరుసుకుంటూ పోయే పయాన్ ఆ పలచటి పొరలో ఇంచుమించు 4 ఫెర్మీలు నడవాలి. తప్పించుకునేవి కొన్నే. కాబట్టి ఈ పద్ధతిలో మనకు దొరికేది పైపొర వ్యాసార్థం, లోపలి సంగతి కాదు. లోపలి ప్రోటాన్‌ల అమరిక కావాలంటే ఎలక్ట్రాన్‌లను వాడాలి. 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ హాఫ్‌స్టాడర్ చేసిందదే. కానీ ఎలక్ట్రాన్‌కు న్యూట్రాన్‌లు దాదాపు కనబడవు.

పయాన్ పనికొచ్చేది సరిగ్గా అక్కడే. పైన చెప్పిన 200, 70 ప్రకారం, ధన పయాన్ ప్రోటాన్‌లను మూడు రెట్లు గట్టిగా చూస్తుంది, రుణ పయాన్ న్యూట్రాన్‌లను. కాల్షియం-48లో ఎనిమిది న్యూట్రాన్‌లు ఎక్కువ. వాటి పొర బయటికి ఉబ్బితే రుణ పయాన్ లోయ చిన్న కోణం వైపు జరగాలి. జరుగుతుంది కూడా. అయితే తొందరపడి ఆ జరుగుడంతా న్యూట్రాన్‌ల ఖాతాలో వేయకండి. రుణ పయాన్‌ను కేంద్రకపు ఆవేశం లాక్కుంటుంది, అందువల్ల కూడా లోయ అటే జరుగుతుంది. ప్రోటాన్‌లూ న్యూట్రాన్‌లూ సమానంగా ఉన్న కాల్షియం-40లో రెండు రకాల పయాన్‌ల లోయల మధ్య తేడా ఎంతో ముందు చూడండి. అది చాలావరకు విద్యుత్ ప్రభావమే. కాల్షియం-48లో తేడా అంతకన్నా ఎంత ఎక్కువుందో, అదీ న్యూట్రాన్‌ల వాటా.

ఇలాంటి కొలతల కోసమే 1970లలో లాస్ ఆలమోస్, స్విట్జర్లాండ్‌లోని విల్లిగెన్, కెనడాలోని వాంకూవర్‌లలో పయాన్‌లను ఇబ్బడిముబ్బడిగా పుట్టించే యాక్సిలరేటర్లు నడిచాయి. పుట్టించినా టెన్షన్ తప్పదు. పయాన్ ఆయుర్దాయం 26 నానోసెకన్లు. మన 190 ఎంఈవీల పుంజం సుమారు 17 మీటర్లు వెళ్లేసరికి నూటికి 63 పయాన్‌లు క్షీణించి, ఎక్కువగా మ్యూయాన్‌లనే మరో రకం తేలికైన కణాలను మిగులుస్తాయి. అవి కూడా పుంజంలో కలిసి వస్తాయి కాబట్టి లెక్కలో విడిగా తీసేయాలి.

వచ్చే పాఠానికి రెండు లెక్కలు. ఒకటి, సీసం-208కి ఇదే శక్తి దగ్గర మొదటి లోయ కోణం కట్టండి. 21 డిగ్రీలకు కాస్త తక్కువగా రావాలి. రెండోది, గతిజశక్తిని 50 ఎంఈవీలకు దించి కాల్షియం-40కి అదే సూత్రం వాడితే 92 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది. ఆ శక్తి దగ్గర క్రాస్ సెక్షన్ శిఖరంలో సుమారు పదో వంతుకు పడిపోతుందనుకుని స్వేచ్ఛాపథం మళ్లీ కట్టండి. ఆ 92ని నమ్మవచ్చా లేదా, ఎందుకో రెండు వాక్యాల్లో రాసుకోండి.