శ్రీలంక వెళ్తున్నారా, నెల చూసి బీచ్ ఎంచుకోండి

చిన్న దేశమే కదా, అంతా ఒకటే వెదర్ ఉంటుందనుకోకండి. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలతో దక్షిణ తీరంలోని గాల్, మిరిస్సా ఊళ్ల వైపు వానలు, సముద్రం కూడా రఫ్‌గా ఉంటుంది, కానీ మధ్యలో కొండలు అడ్డం ఉండటంతో అదే టైంలో తూర్పున ట్రింకోమలీలో చక్కగా ఎండ కాసి నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి. జనవరి నుంచి మార్చి అయితే దక్షిణం వైపే బుక్ చేసుకోండి. అక్టోబర్, నవంబర్‌లో ఎటెళ్లినా సాయంత్రం ఉరుములతో వాన పడే ఛాన్స్ ఎక్కువ. ఇంకోటి, కొండల్లోని నువారా ఎలియా ఊరు 1,800 మీటర్ల పైన ఉంది, కొలంబోలో చెమటలు కక్కుతూ బయల్దేరినా అక్కడ దిగేసరికి చలి, స్వెటర్లు సూట్‌కేస్ అడుగున కాకుండా చేతి బ్యాగులో పైనే పెట్టుకోండి, చిన్నపిల్లలుంటే మరీను.